మిద్దె మీద అజిలిటీ: పైపులతో జంపు గట్టిగా చేశా, అదే తప్పయిందా?

జున్ను నాన్న | కసవనహళ్ళి | ఆదివారం రాత్రి 9:52

అందరికీ నమస్తే. మేముండేది మూడో అంతస్తు, పైన మిద్దె కూడా మాకే. మా జున్ను నాటు కుక్క, ఆడది. ఏడాదీ రెండు నెలలు ఉంటుందని డాక్టర్ అంచనా. పొద్దున గంట, సాయంత్రం గంట తిప్పినా చాలదు దానికి. రాత్రి పదింటికి సోఫా మీద నుంచి టీపాయ్ మీదికి, అక్కణ్ణుంచి నా పొట్ట మీదికి. వీడియోల్లో అజిలిటీ, అంటే కుక్కలు జంపులు, సొరంగాలు వరసగా దాటే ఆట, చూసి ఇదేదో మన జున్నుకి పనికొస్తుందే అనుకున్నా. తయారు సెట్టు ధర చూసి ఫోన్ పక్కన పెట్టేశా.

మనమే చేద్దామని శనివారం హార్డ్‌వేర్ షాపుకి పోయి ఇంచు పీవీసీ పైపు, టీలు, ఎల్బోలు, ఎండ్ క్యాపులు, సొల్యూషన్ డబ్బా తెచ్చా. మొత్తం 1,460 అయింది. అన్ని జాయింట్లూ సొల్యూషన్ పూసి అతికించా. అడ్డంగా పెట్టే పైపుకి, గోడకి పైపులు బిగించే క్లిప్పులు వాడా. ఎంత ఊపినా కదల్లేదు. నా ఇంజనీరింగ్ మీద నాకే ముచ్చటేసి ఫోటో తీసి మా నాన్నకి పంపా.

ఇవాళ పొద్దున నాలుగుసార్లు చక్కగా దూకింది. ఐదోసారి ముందు కాళ్ళు దాటాయి, వెనక కాలు పైపుకి తగిలింది. క్లిప్పు వదల్లేదు. మొత్తం జంపు లేచి దాని నడుము మీద పడింది. కుయ్యోమని అరిచి నీళ్ళ ట్యాంకు వెనక దూరింది. అరగంట బతిమాలినా రాలేదు. కాలు మీద చిన్న గీత తప్ప దెబ్బేమీ కనపడలేదు. కానీ సాయంత్రం మిద్దె మెట్ల దగ్గరికి తీసుకెళ్తే రెండో మెట్టు మీద ఆగిపోయి నా మొహం చూసింది. ఆ చూపు ఇంకా పోవట్లేదు.

కింద ఇసుక మూటలు పెట్టి ఇంకా గట్టిగా చేయాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కోలీ బాధితుడు | హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ | ఆదివారం రాత్రి 10:15

బ్రో, మూటలు మాత్రం పెట్టకండి. గట్టిగా చేయడమే ఇక్కడ తప్పు. మంచం చేసే లెక్క వేరు, జంపు లెక్క వేరు. కాలు తగలగానే బార్, అంటే ఆ అడ్డ పైపు, కింద పడిపోవాలి, ఏ పక్క నుంచి తగిలినా పడాలి. పోటీల్లో బార్ పడితే 5 ఫాల్ట్‌లు (తప్పు మార్కులు) వేస్తారు, అంతటితో సరి.

ఆ క్లిప్పులు పీకేయండి. పైపుని వదలకుండా పట్టుకోవడానికే వాటిని చేశారు పాపం, వాటి తప్పేం లేదు. వాటి బదులు బార్ కంటే పెద్ద సైజు ఎండ్ క్యాప్ ఒకటి తీసుకుని రంపంతో నిలువునా సగానికి కోయండి. నిలువు పైపుకి చిన్న స్క్రూతో బిగిస్తే చిన్న గిన్నెలా వస్తుంది. అదీ లోతే. అంచులు ఆకురాయితో అరగదీయండి, గిన్నె కాస్తా పళ్ళెం అయ్యేదాకా. బార్ దాని మీద ఊరికే పడుకోవాలి. చిటికెన వేలితో తోస్తే దొర్లి పడిందా, పాసయినట్టు.

బార్‌కి నీళ్ళ పైపు వద్దు, బరువు. కరెంటువాళ్ళు గోడల్లో వేసే 25 ఎం.ఎం. కాండ్యూట్ పైపు తీసుకోండి, తేలిక. 1.2 మీటర్ల పొడవు చాలు. సొల్యూషన్ కింది పాదాలకి మాత్రమే, మిగతావి చేత్తో దూర్చి వదిలేయండి. గట్టిగా తగిలితే స్టాండ్ కూడా విడిపోవాలి, పైగా విప్పి బాల్కనీలో పెట్టుకోవచ్చు.

వైట్‌ఫీల్డ్ అత్తయ్య | ఆదివారం రాత్రి 10:31

పిట్టగోడ ఎంత ఎత్తు బాబూ?

జున్ను నాన్న | ఆదివారం రాత్రి 10:34

నా నడుము దాకా ఉంటుందండి. ఎందుకు?

వైట్‌ఫీల్డ్ అత్తయ్య | ఆదివారం రాత్రి 10:40

దూకడం నేర్పిన కుక్కకి పిట్టగోడ కూడా ఒక జంపే. నువ్వు హుషారుగా "హప్" అంటావు, అది ఊపులో మూడో అంతస్తు నుంచి హప్ అంటుంది. నిన్ను భయపెట్టడానికి కాదు. మా పాత అపార్ట్‌మెంట్‌లో పావురం వెంటపడి ఓ కుక్క పోయింది, చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను. మిద్దె మీద ఎత్తు పెట్టకు. పెట్టినా గోడ వైపు మొహం పెట్టి దూకించకు.

ఇంజక్షనక్క | యెలహంక | ఆదివారం రాత్రి 11:48

ఇప్పుడే క్లినిక్ మూసి వచ్చా. అత్తయ్య గారి మాటకి రెండు చేతులూ ఎత్తుతున్నా.

రేపు జున్ను నడక గమనించండి. కుంటడం, ఒక కాలు ఆన్చకుండా నిలబడటం, మెట్ల మీద వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతడం, నడుము ముడితే తిరిగి చూడటం, ఇందులో ఏది కనపడినా మీ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ కుక్కలకి చేసే చేటు వారానికి ఒకటైనా చూస్తుంటాను.

ఇంకోటి, వయసు. కుక్కపిల్ల ఎముకల చివర్లలో ఎదిగే భాగం మెత్తగా ఉంటుంది. అది గట్టిపడేసరికి మామూలుగా ఏడాది దాటుతుంది, పెద్ద జాతులకి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఆలోగా మళ్ళీ మళ్ళీ ఎత్తు నుంచి దిగితే కీళ్ళ మీద భారం. అంతర్జాతీయ పోటీల్లో 18 నెలలు నిండనిదే దిగనివ్వరు, అది ఊరికే పెట్టిన నిబంధన కాదు. జున్నుది అంచనా వయసే కాబట్టి ఇంకో నాలుగైదు నెలలు బార్ నేల మీదే ఉంచండి, మహా అయితే దాని ముందరి మడమ ఎత్తు. మిద్దె కాంక్రీటు మీద అయితే అదీ వద్దు. దూకడం కాదు అసలు సమస్య, దిగడం. ముందు కాళ్ళ మీద, భుజాల మీద పడుతుంది బరువంతా.

జున్ను నాన్న | సోమవారం ఉదయం 7:20

నడక బాగానే ఉంది అక్కా, మెట్లు కూడా మామూలుగానే దిగింది. మిద్దె మీదికి మాత్రం రానంటోంది. పిట్టగోడ సంగతి నాకు తట్టనేలేదు, రాత్రి మా ఆవిడకి చెప్తే ఆమె నన్ను చూసిన చూపు జున్ను చూపు కంటే ఘోరం.

అయితే మిద్దె మీద ఏమీ చేయకూడదా?

మల్లి_మిద్దె | బీటీఎం | సోమవారం ఉదయం 9:05

ఎందుకు చేయకూడదు, దూకనివి బోలెడు ఉన్నాయి. మా బీగిల్‌కి మూడేళ్ళుగా మిద్దె మీదే. రెండడుగుల చదరం ప్లైవుడ్ ముక్క తీసుకుని, పాత సాక్సులో టెన్నిస్ బంతి వేసి ముడేసి, అడుగున మధ్యలో కొట్టండి. కాలు పెడితే అటూ ఇటూ ఒరుగుతుంది, టక్కుమని నేలకి తగులుతుంది. ఆ కదలికకీ, ఆ చప్పుడుకీ అలవాటు పడ్డ కుక్క రేపు సీ-సా (పార్కులో పిల్లలు ఎక్కేలాంటి, మధ్య ఇరుసు మీద అటూ ఇటూ వాలే పలక) ఎక్కడానికి భయపడదు. పైన పాత యోగా మ్యాట్ అతికించండి, గోళ్ళు జారవు. మొదటి వారం మా వాడు ఒక్క ముందు కాలు మాత్రమే పెట్టి బిల్లు కట్టమన్నట్టు చూసేవాడు. ఒక్కో కాలికి ఒక్కో చికెన్ ముక్క.

టన్నెల్ అని పిల్లలు ఆడుకునే గుడ్డ సొరంగం కొనకండి, నేను కొన్నా. నాలుగో రోజు గుడ్డ చిరిగి లోపలి తీగ బయటికొచ్చింది. మావాడి చెవి పెద్దది కాబట్టి చెవి చిరిగింది, లేకపోతే కన్ను.

ముధోళ్ మామ | ఎలక్ట్రానిక్ సిటీ | సోమవారం మధ్యాహ్నం 1:12

టన్నెల్‌కి ఉపాయం చెప్తా వినండప్పా. నీళ్ళు పట్టుకునే నీలం డ్రమ్ము ఉంటుంది కదా, 200 లీటర్లది, మన బెంగుళూర్లో అది లేని మిద్దె ఉండదు. అడ్డం కొలిస్తే దగ్గర దగ్గర 58 సెంటీమీటర్లు. అసలు పోటీ టన్నెల్ నోరు 60. సరిగ్గా సరిపోలా? పైనా కిందా కోసేయండి. కోసిన అంచు కత్తి మాదిరి ఉంటుంది, తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు పైపుని పొడుగునా చీల్చి అంచు చుట్టూ తొడిగేయండి. రెండు పక్కలా ఇటుకలు పెట్టి దొర్లకుండా ఆపండి. జంపుది పడాల, డ్రమ్ముది కదలకూడదు. కుక్క లోపల ఉండంగా డ్రమ్ము దొర్లిందంటే మళ్ళ జన్మలో దూరదు.

ఒకటే జాగర్త, డ్రమ్ములో ముందు ఏముండిందో కనుక్కోండి. కెమికల్ డ్రమ్ములు ఎంత కడిగినా వాసన పోదు. మనకి తెలీదు, దానికి తెలుస్తుంది.

మాది ముధోళ్ హౌండు. తిన్నగా ఉరకమంటే ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కేస్తుంది, వంకర తిరగమంటే మాత్రం లారీకి మాదిరి అర ఎకరం కావాల.

కోలీ బాధితుడు | సోమవారం సాయంత్రం 6:40

ముధోళ్ మామ ఒక్క ముక్కలో చెప్పేశారు. కుక్క తగిలేది పడిపోవాలి, కుక్క ఎక్కేది, దూరేది కదలకూడదు. ఇంట్లో చేసేవాళ్ళు సరిగ్గా ఇది తిరగేస్తారు. బార్‌ని బిగిస్తారు, పలకని నాలుగు ఇటుకల మీద ఊరికే పెడతారు.

రంగు గురించి కూడా. ఎర్ర టేపు చుట్టకండి. కుక్కలకి ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగ్గా తెలియదు, పచ్చగడ్డి ముందు ఎర్ర బార్ కలిసిపోతుంది. నీలం, పసుపు బాగా కనపడతాయి. కరెంటు షాపులో ఇన్సులేషన్ టేపు ఆ రెండు రంగుల్లో దొరుకుతుంది, పట్టీలు పట్టీలుగా చుట్టండి. పీవీసీ ఎండకి పెళుసెక్కి పగిలినప్పుడు ఆ టేపే పెంకుల్ని పట్టుకుంటుంది.

అసలు ఈ ఆటే గుర్రాల జంపింగ్ చూసి పుట్టింది. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో మధ్యలో ఖాళీ టైములో జనం బోరు కొట్టకుండా చూపించారు. ఆ జనం మెయిన్ షో కంటే దీనికే చప్పట్లు కొట్టారట. గుర్రాలకి కూడా కొయ్యలు పడేట్టే పెడతారు, గమనించండి.

జున్ను నాన్న | మంగళవారం రాత్రి 9:15

క్యాపులు కోశా. మొదటిది వంకరపోయింది, రెండోది పగిలింది, మూడోది వచ్చింది. ఆకురాయితో గంటసేపు గీకుతుంటే కింద నుంచి ఓనరమ్మ వచ్చి "రాత్రిపూట మిద్దె మీద ఎలుక ఏదో కొరుకుతోంది" అంది. ఎలుకని నేనేనని చెప్పలేదు.

ఇప్పుడు ఊదితే పడేట్టుంది. కానీ జున్ను రాదు. ఆ తెల్ల పైపు చూస్తే చాలు వెనక్కి నడుస్తోంది.

వైట్‌ఫీల్డ్ అత్తయ్య | మంగళవారం రాత్రి 9:50

పైపుని మిద్దె మీద పెట్టి కుక్కని పిలవడం కాదు. పైపుని ఇంట్లోకి తీసుకురా. ఒక్క పైపు, హాల్లో, గోడవారన నేల మీద. దాని గురించి ఎవరూ మాట్లాడొద్దు. అన్నం గిన్నె రోజూ పెట్టే చోటే పెట్టు. రెండు రోజులకి పైపు ఇంట్లో సామాను అయిపోతుంది. తర్వాత గిన్నె రోజుకో జానెడు పైపు దగ్గరికి జరుపు. పైపు దాటి గిన్నె దగ్గరికి నడిచిన రోజు నాకు చెప్పు. గొలుసు పట్టి లాగావా, నెల వెనక్కి పోతావు.

మా లాబ్‌కి ఇప్పుడు పదకొండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. వాడికీ రోజూ చేయిస్తాను: నేల మీద నాలుగు పైపులు పరిచి ఒక్కొక్కటీ దాటుకుంటూ నడవడం. డాక్టర్ చెప్పిన వ్యాయామమే. పోటీలకి పోయేవాళ్ళదే కాదు ఈ సామాను.

ఇంజక్షనక్క | మంగళవారం రాత్రి 11:02

అత్తయ్య గారూ, ఇంకో నాలుగు చోట్ల ఇదే రాయండి, మా క్లినిక్‌లో చెప్తే ఎవరూ వినరు.

నందినీ లేఔట్ నాగు | బుధవారం ఉదయం 8:30

వీవ్ పోల్స్, అదే కుక్క అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ దూరే కర్రల వరస, ఎవరైనా చేశారా? పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి కర్రలు పాతాను. బలంగా ఉన్నాయి.

కోలీ బాధితుడు | బుధవారం ఉదయం 8:44

మళ్ళీ బలం! నాగు గారూ, కుక్క ఆ కర్రల మధ్య భుజంతో తోసుకుంటూ పోతుంది. కర్ర కొంచెం వంగాలి. డబ్బా అంచుకి కాలి వేళ్ళు కొట్టుకుంటాయి. మట్టి నేల ఉంటే జానెడున్నర ఇనుప చువ్వలు దింపి వాటి మీద పైపులు తొడగండి, అంతే. పోల్‌కీ పోల్‌కీ మధ్య 60 సెంటీమీటర్లు, ఎత్తు మీటరు. మొత్తం పన్నెండు. అంటే వరస పొడవే 6.6 మీటర్లు, పైగా లోపలికొచ్చే పరుగుకి చోటు. మిద్దె మీద అవ్వదు. మొదలు రెండే రెండు పోల్స్ పాతండి, వాటి మధ్య నుంచి ఎడమ భుజం ఆనించి దూరడం వచ్చాక ఇంకో రెండు. ఒకేసారి పన్నెండు పెడితే కుక్క ముళ్ళకంచె అనుకుంటుంది.

వైట్‌ఫీల్డ్ అత్తయ్య | బుధవారం ఉదయం 10:20

అందరూ చోటు చోటు అంటున్నారు. సర్జాపూర్ దాటాక మా అబ్బాయిది 30×40 అడుగుల సైటు ఒకటి ఖాళీగా ఉంది, ఇల్లు కట్టడానికి వాడికి ఇంకా ముహూర్తం కుదర్లేదు. నేల మట్టిదే. కాకపోతే నిండా వయ్యారిభామ. ఇక్కడివాళ్ళు కాంగ్రెస్ గడ్డి అంటారే, అది. పీకేవాళ్ళుంటే వాడుకోండి. చేతులకి గ్లౌజులు, మూతికి గుడ్డ తప్పనిసరి, నాకు ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. పూత రాకముందే పీకాలి.

వెల్డింగ్ వెంకటప్ప | హొసూర్ రోడ్ | బుధవారం మధ్యాహ్నం 2:05

నాకు కుక్క లేదు. మా బామ్మర్ది ఈ లింకు పంపితే చదువుతున్నా. షట్టర్లు, గేట్లు చేస్తాం. ఆదివారం సైటు కాడికి వస్తా, గడ్డి పీకను గానీ ఆ సీ-సా ఏందో కొలతలు చెప్పండి, చేసిస్తా. ఇనుప ముక్కలు షెడ్డులో ఊరికే పడుండాయి.

కోలీ బాధితుడు | బుధవారం రాత్రి 8:00

వెంకటప్పన్నా, దండాలు. పలక పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు, మధ్య ఇరుసు ఎత్తు నేల నుంచి 60. రెండు కొసలూ 90 సెంటీమీటర్ల చొప్పున వేరే రంగు, కుక్క ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ కాలు పెట్టాలి. పైన రబ్బరు పొడి అతికించిన షీటు కావాలి. దొరక్కపోతే పెయింటు తడిగా ఉండగానే జల్లించిన ఇసుక చల్లండి. ఇక్కడ సాయంత్రం వాన ఎప్పుడొస్తుందో తెలియదు, తడి ప్లైవుడ్ సబ్బు లాంటిది.

ముఖ్యమైనది: కుక్క ఎక్కే వైపు ఎప్పుడూ నేల మీదే ఉండాలి, దిగాక తనంతట తానే వెనక్కి వాలాలి. కానీ చిన్న కుక్క ఎక్కినా అవతలి వైపు దిగాలి. దీనికి లెక్క ఒకటి ఉంది. పైకి లేచి ఉన్న సగం మధ్యలో కిలో బరువు పెడితే, 2 నుంచి 3 సెకన్లలో నేల తాకాలి.

వెల్డింగ్ వెంకటప్ప | బుధవారం రాత్రి 8:22

కిలో అంటే కందిపప్పు ప్యాకెట్ చాలునా?

కోలీ బాధితుడు | బుధవారం రాత్రి 8:23

చాలు అన్నా :)

ముధోళ్ మామ | ఆదివారం మధ్యాహ్నం 3:30

సైటు సగం శుభ్రం అయింది. ఏడుగురం, మూడు కుక్కలు, ఒక అత్తయ్య, ఆమె పులిహోర. చువ్వలు ఆరు దింపినాం. మా ముధోళ్ రెండు పోల్స్ మధ్య నుంచి దూరి తిన్నగా పక్క లేఔట్ గేటు దాకా పోయొచ్చింది. ఇంటికి పోయినాక చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు చూసుకోండి అందరూ. మావాడికి మూడు దొరికినాయి.

జున్ను నాన్న | ఆదివారం రాత్రి 9:40

అత్తయ్యా, చెప్పమన్నారు కదా. శుక్రవారం రాత్రి. గిన్నె పైపుకి అవతల, అర జానెడు దూరంలో ఉంది. పెరుగన్నం. జున్ను వచ్చి పైపు ముందు కూర్చుంది. మెడ ఎంత చాపొచ్చో అంతా చాపింది, అందలేదు. ఒక కాలు లేపింది, దించింది. మళ్ళీ లేపింది. తర్వాత ఆ కాలు అవతల పెట్టి, పెట్టిన కాలి వంక చూసుకుంది, అది తనది కాదన్నట్టు. తిన్నాక వెనక్కి మాత్రం పైపు చుట్టూ తిరిగి వచ్చింది.

ఇవాళ సైటులో కొత్త పళ్ళేల మీద బార్‌ని నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులో పెట్టా. దాటింది. ఒకసారి వెనక కాలు తగిలింది, బార్ టప్పున పడింది. నా గుండె ఆగింది. జున్ను ఆగి, పడ్డ బార్‌ని వాసన చూసి, నా దగ్గరికి వచ్చి చికెన్ ముక్క అడిగింది.

వెల్డింగ్ వెంకటప్ప | తర్వాతి శనివారం సాయంత్రం 5:50

సీ-సా అయింది. పలక, ఫ్రేము కలిపి ఇరవై కిలోలు ఉంటుంది. మొదట ఇరుసు ఎక్కే వైపు నుంచి మరీ దూరంగా పెట్టినా, ప్యాకెట్ పెడితే కదల్లేదు. సరిగ్గా మధ్యకి తెస్తే వెనక్కి వాలట్లేదు. మధ్య నుంచి రెండు వేళ్ళ మందం దిగే వైపుకి జరిపి మళ్ళ వెల్డు కొట్టినా. ప్యాకెట్‌కి టేపు వేసి పెట్టినా. మా పిల్లోడు ఫోన్‌లో టైము చూసినాడు. 2.6.

పప్పు ప్యాకెట్ ఇంట్లో ఇచ్చేసినా. రేపు ఎవరన్నా టెంపోకి సాయం పట్టండి, ఇది బండి మీద రాదు.